టీనేజ్ పిల్లల ఎదురుగా కూర్చోకండి, పక్కన కూర్చోండి!

నమస్కారమండీ. ఈరోజు ఉపోద్ఘాతం లేదు, నేరుగా విషయానికొస్తా. టీనేజ్ పిల్లలు మీతో మాట్లాడాలంటే వాళ్ల మొహం చూడటం మానేయండి! అవును, సరిగ్గానే విన్నారు. ఎదురుగా కూర్చోకండి. పక్కన కూర్చోండి.

ఆ 90 గంటల గొడవ గుర్తుంది కదా? 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు వారానికి 90 గంటలు పని చేయాలంటూ, ఇంట్లో భార్య మొహం ఎంతసేపు చూస్తూ కూర్చుంటారన్నారు. అంతకుముందు 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారి 70 గంటల మాట. దేశమంతా మండిపడింది, నాకూ ఒళ్లు మండింది. కానీ గొడవంతా భార్యాభర్తల చుట్టూనే తిరిగింది. అదే ఇంట్లో తలుపేసుకుని కూర్చున్న పదిహేనేళ్ల పిల్లాడు ఒక్కరికైనా గుర్తొచ్చాడా?

బెంగళూరులో మన బతుకు మీకు తెలిసిందే. ఆఫీసు, ఔటర్ రింగ్ రోడ్డు, రాత్రి అమెరికా వాళ్లతో కాల్. మిగిలిన పావుగంటలో పిల్లాణ్ని అన్నం దగ్గర కూర్చోబెట్టి ఏం అడుగుతాం? "టెస్ట్‌లో ఎన్నొచ్చాయి? ఫోన్ ఎందుకు చూస్తున్నావ్?" వాడేమంటాడు? "బానే ఉంది", "ఏం లేదు". అనడా మరి! అది మాట్లాడటం కాదండీ, పోలీసు విచారణ.

మా వాడు టెన్త్. మేముండేది బీటీఎం లేఅవుట్, వాడి ట్యూషన్ హెచ్ఎస్ఆర్‌లో. మధ్యలో సిల్క్ బోర్డ్ జంక్షన్. ఆ పేరు చెబితే చాలు, ఇక్కడివాళ్లకి తలనొప్పి మొదలవుతుంది. నెల రోజులు ట్యూషన్ వ్యాన్ రాకపోతే నేనే స్కూటర్ మీద దింపాను. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపేసి నిలబడ్డాం. పైన మెట్రో వెళ్తోంది, ముందు బస్సు పొగ. వెనక నుంచి, హెల్మెట్‌లోంచి, చిన్న గొంతు: "నాన్నా, నాకు పీసీఎంబీ వద్దు. పీయూసీలో కామర్స్ తీసుకుంటా." పీయూసీ అంటే మన ఇంటరే. పీసీఎంబీ అంటే అందులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ.

వెనక్కి తిరిగి చూసే వీల్లేదు నాకు. చూసుంటే నా మొహం చూసి నోరు మూసుకునేవాడు! రోడ్డు వైపే చూస్తూ అడిగా, "ఎప్పట్నుంచి అనుకుంటున్నావురా?" "దసరా నుంచి."

దసరా నుంచి! దసరాకి మేం నెల్లూరులో, మా అమ్మ దగ్గర, నాలుగు రోజులు ఒకే ఇంట్లో ఉన్నాం. ఒక్క ముక్క చెప్పలేదు. అన్నట్టు అక్కడే ఒక తమాషా జరిగింది. మా అమ్మ కూర వడ్డిస్తుంటే వీడు "సాకు నాన్నమ్మా, సాకు" అన్నాడు. కన్నడలో సాకు అంటే చాలు. మా అమ్మకేం తెలుసు? "తినకపోవడానికి సాకులు కూడానా!" అని ఇంకో గరిటె వేసింది. అందరం పడీపడీ నవ్వాం. ఇప్పుడు తలచుకుంటే మాత్రం నవ్వు రావట్లేదండీ. వాడు చాలంటున్నా వడ్డించడం, మేం వాడి చదువు విషయంలో చేసింది కూడా అదే.

ఆదివారం మాల్‌కి తీసుకెళ్లి "క్వాలిటీ టైమ్" ఇచ్చామంటారు కదా, నేను ఒప్పుకోను. పిల్లల మాట టైమ్‌టేబుల్ వేస్తే రాదు. చేతికి పనుండాలి, చూపు ఇంకెక్కడో ఉండాలి, అప్పుడు నోరు తెరుచుకుంటుంది. మా ఇంట్లో రాత్రి పదిన్నరకి మా ఆవిడ రేపటికి వెల్లుల్లి ఒలుస్తుంటే వాడొచ్చి గట్టు దగ్గర నిలబడి తనూ రెండు పాయలు తీసుకుంటాడు. తల ఎత్తడు, ఒలుస్తూనే క్లాసులో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో మొత్తం చెప్తాడు!

ఇంత రాత్రా అని విసుక్కోకండి. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ ఒంట్లో ఆలస్యంగా విడుదలవుతుంది. అది మొండితనం కాదు, శరీరధర్మం. అందుకే 2014లోనే అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, ఈ వయసు పిల్లలకి బడి ఉదయం 8:30 కంటే ముందు పెట్టొద్దంది. మనకేమో ఏడు కాకముందే స్కూల్ బస్సు! వాడు మెలకువగా ఉండే టైమ్‌లో మనం కాల్‌లో ఉంటాం, మనం లేపే టైమ్‌లో వాడు నిద్రలో ఉంటాడు. ఇంక మాటలెప్పుడు?

కారుందంటారా, కారైనా సరే. వాణ్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకోండి. దయచేసి ఆ బ్లూటూత్ మీటింగ్ మాత్రం పెట్టకండి. పక్కన పిల్లాడు కూర్చునుంటే స్పీకర్‌లో మేనేజర్ గొంతేంటండీ!

వ్యాన్ మళ్లీ వస్తోంది. నేనే వద్దన్నా. ఏడున్నరకి ట్యూషన్ వదులుతారు, రెండో హెల్మెట్ బయట పెట్టేశా. నిన్న ఏదో చెప్తూ చెప్తూ, ఇల్లొచ్చేసిందని మధ్యలో ఆపేశాడు. మిగతాది వినాలి. వస్తానండీ.