హరికేన్ సీజన్‌కి మా ఇంట్లో ఒక చల్లని గది

హాయ్ అండీ, నమస్తే. అందరూ బాగున్నారా? ఈరోజు మనం మా గ్యారేజ్‌లో ఉన్నాం. మేం ఉండేది టెక్సాస్‌లో, హ్యూస్టన్ పక్కన కేటీలో. ఇక్కడ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు హరికేన్ సీజన్. మే నెలలోనే జనరేటర్, కిటికీ ఏసీ, బ్యాటరీ అన్నీ బయటికి తీసి ఒకసారి నడిపి చూసుకుంటాం. అదంతా మీకు చూపిస్తాను. హ్యూస్టన్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు, ఈ వేసవికి అమ్మానాన్నల్ని పిలిపించుకుంటున్నవాళ్ళు తప్పకుండా చివరిదాకా చూడండి.

తుఫాను అనగానే మనకి గాలి, వాన, వరద గుర్తొస్తాయి. 2017లో హార్వీ వచ్చినప్పుడు ఈ ఊరిని ముంచింది వరదే. 2024లో బెరిల్ సంగతి వేరు. జులై 8 తెల్లవారుజామున మాటగోర్డా దగ్గర తీరం దాటింది. కేటగిరీ 1 హరికేన్, అంటే హరికేన్లలో అన్నిటికన్నా కింది స్థాయి. గాలి కొన్ని గంటల్లో తగ్గిపోయింది, అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. హ్యూస్టన్ చుట్టుపక్కల 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కొన్ని ఏరియాల్లో వారం దాటినా రాలేదు. పైన జులై ఎండ, గాలిలో తేమ. ఒంటికి తెలిసే వేడి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. ఆ వేడికి తట్టుకోలేక సొంత ఇళ్ళలోనే చనిపోయినవాళ్ళు ఉన్నారు. జనరేటర్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. అందుకే మా ఇంట్లో సీజన్ ప్రిపరేషన్ అంటే ముందు చల్లదనం గురించే మాట్లాడుకుంటాం.

ఇక్కడి ఇళ్ళు ఏసీ ఎప్పుడూ నడుస్తుందన్న లెక్కతో కట్టినవి. మన ఊళ్ళో లాగా ఎదురెదురు కిటికీలు, వెంటిలేటర్లు ఉండవు. పైన అటక రోజంతా ఎండకి కాగి, రాత్రి కూడా వేడిని కిందికి దించుతూనే ఉంటుంది. మేడ మీద బెడ్‌రూమ్‌లైతే సాయంత్రానికి కొలిమే. ఫ్యాన్ ఉంటే చాలదా అని చాలామంది అడుగుతారు. గదిలో వేడి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక ఫ్యాన్ మీద ఆధారపడొద్దని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ఆ వేడిగాలే మన మీదికి కొడుతుంది కాబట్టి ఒంట్లో వేడి తగ్గకపోగా పెరుగుతుంది. పెద్దవాళ్ళకి, చంటిపిల్లలకి ఇది చాలా ప్రమాదం.

మరి ఏం చేయాలి? ఇల్లంతా నడిపే స్టాండ్‌బై జనరేటర్ పెట్టించుకోవచ్చు. ఇంటికొచ్చే నేచురల్ గ్యాస్ లైన్‌కే కలుపుతారు, కరెంటు పోయిన కొన్ని సెకన్లలో దానంతటదే మొదలవుతుంది. బిగింపుతో కలిపి పది వేల డాలర్లు దాటుతుంది. ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ లాంటివి వాడేవాళ్ళుంటే ఆ ఖర్చు న్యాయమే. మిగతావాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఒకటే: ఇల్లంతా చల్లబరచాలన్న ఆలోచన వదిలేయండి, ఒక్క గదిని చల్లగా ఉంచుకోండి.

ఎందుకో చూడండి. నాలుగు టన్నుల సెంట్రల్ ఏసీ నడవడానికే సుమారు 4,000 వాట్లు కావాలి. కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. సాఫ్ట్ స్టార్టర్ పెట్టిస్తే ఆ మొదటి లాగుడు బాగా తగ్గుతుంది, అయినా పెద్ద జనరేటర్ కావాలి, దానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. తుఫాను తర్వాత కరెంటు లేక బంకులే పనిచేయవు, పనిచేసే చోట పొడవాటి లైన్లు. అదే 5,000 బీటీయూల చిన్న కిటికీ ఏసీ అయితే 450 వాట్ల దగ్గర నడుస్తుంది. తలుపు మూసి, కర్టెన్లు వేస్తే ఒక మామూలు బెడ్‌రూమ్‌కి సరిపోతుంది. అందరం అందులోనే పరుపులు వేసుకుని పడుకోవచ్చు.

మేం ఎంచుకున్నది కింద వెనకవైపున్న బెడ్‌రూమ్. కింద ఫ్లోర్ కాబట్టి వేడి తక్కువ, పెద్దవాళ్ళు మెట్లెక్కక్కర్లేదు, పక్కనే బాత్రూమ్. పైగా కిటికీ వీధిలోకి కనిపించదు. మన కాలనీల్లో చాలా హెచ్‌ఓఏలు, అంటే ఇంటి ఓనర్ల సంఘాలు, వీధివైపు కిటికీకి ఏసీ పెడితే ఒప్పుకోవు, మీ రూల్స్ ఒకసారి చదువుకోండి. ఈ ఏసీని ఏడాదంతా క్లోజెట్‌లోనే ఉంచుతాం. గాలివాన ఉన్నంతసేపు కిటికీ మూసే ఉంచి, గాలి పూర్తిగా తగ్గాకే బిగిస్తాం. అందుకే మే నెలలో ఒకసారి పెట్టి తీయడం ప్రాక్టీస్ చేయాలి. ఏ స్క్రూ ఎక్కడ, పక్కల సందుకి ఫోమ్ ఎంత కోయాలి, అన్నీ ఇప్పుడే తేలిపోవాలి. చెమటలు కారుతూ ఫోన్ టార్చ్ వెలుగులో చేసే పని కాదిది. కిటికీకి ఏసీ పట్టదు అనుకునేవాళ్ళు చక్రాల పోర్టబుల్ ఏసీ కొంటారు. కొంటే రెండు గొట్టాలది తీసుకోండి. ఒకే గొట్టం ఉన్నది గదిలోని చల్లగాలినే బయటికి తోసేస్తుంది, ఆ ఖాళీలోకి తలుపు సందుల్లోంచి వేడిగాలి వస్తూనే ఉంటుంది.

ఇప్పుడు జనరేటర్ దగ్గరికి రండి. ఇది 4,000 వాట్ల స్థాయి ఇన్వర్టర్ జనరేటర్. చప్పుడు తక్కువ, ల్యాప్‌టాప్ లాంటివాటికి కరెంటు నికరంగా ఇస్తుంది. కొనేటప్పుడు డబ్బా మీద రెండు అంకెలుంటాయి. పెద్దది స్టార్టింగ్ వాట్లు, చిన్నది రన్నింగ్ వాట్లు. లెక్క చిన్నదానితోనే వేసుకోవాలి. చిన్న ఏసీ 450, ఫ్రిజ్ 200, మోడెమ్, లైట్లు, ఫోన్లు, ఒక ఫ్యాన్, అన్నీ కలిపినా వెయ్యి దాటవు. ఫ్రిజ్ స్టార్ట్ అయ్యేటప్పుడు కాసేపు వెయ్యికి పైగా లాగుతుంది, దానికి జాగా ఉంచుకోవాలి. ఏసీ కాసేపు ఆపితే రైస్ కుక్కర్, మిక్సీ కూడా నడుస్తాయి. టెక్సాస్‌లో ఏటా ఏప్రిల్ చివరి వారాంతం ఎమర్జెన్సీ సామాన్ల మీద సేల్స్ టాక్స్ ఉండదు. 3,000 డాలర్ల లోపు పోర్టబుల్ జనరేటర్లు అందులోకి వస్తాయి. మే చివర్లో మెమోరియల్ డే వీకెండ్‌కి ఎనర్జీ స్టార్ గుర్తున్న ఏసీలకి, ఫ్రిజ్‌లకి కూడా అలాంటి వెసులుబాటే ఉంటుంది.

కొని మూల పెడితే మాత్రం అవసరానికి స్టార్ట్ కాదు. ట్యాంకులో పాత పెట్రోలు ఉండిపోతే చిక్కబడి, జిగురై కార్బురేటర్‌ని పట్టేస్తుంది. అందుకే క్యాన్‌లో పోసిన రోజే పెట్రోలు పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ ద్రవం కలుపుతాం. నెలకోసారి బయటపెట్టి, ఊరికే తిప్పకుండా ఆ కిటికీ ఏసీనే తగిలించి ఇరవై నిమిషాలు నడుపుతాం. ఇంజన్ ఆయిల్ ఎంతుందో చూస్తాం. మా వాడకానికి రోజుకి 5 నుంచి 8 గాలన్ల పెట్రోలు పడుతుందని లెక్క. పెట్రోలు క్యాన్లు గ్యాస్ వాటర్ హీటర్ దగ్గర ఎప్పుడూ పెట్టకండి. మళ్ళీ పోయాలంటే ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి సైలెన్సర్ మీద ఒలికితే అంటుకుంటుంది.

ఇది మాత్రం కాస్త ఆగి వినండి. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి, పొగ గొట్టం ఇంటికి అవతలివైపు తిరిగి ఉండాలి. గ్యారేజ్ తలుపు తీసే ఉంది కదా అని లోపల పెట్టకూడదు. ప్యాటియో కిందా వద్దు. వాన పడుతుంటే జనరేటర్ కోసమే అమ్మే కప్పు ఉంటుంది, అది వాడండి. ఇంకో విషయం చాలామంది ఆలోచించరు. మన కాలనీల్లో ఇంటికీ ఇంటికీ మధ్య పది అడుగులే ఉంటుంది. రెండిళ్ళ మధ్య సందులో పెడితే మన పొగ పక్కింటి పిల్లల బెడ్‌రూమ్ కిటికీకి తగులుతుంది. మేం పెరట్లో వెనక కంచెవైపు, మూడిళ్ళకీ దూరంగా ఉండే చోటు చూసి గుర్తు పెట్టుకున్నాం. పక్కవాళ్ళతో ముందే మాట్లాడి, వాళ్ళది ఎక్కడ పెడతారో కూడా తెలుసుకున్నాం. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే గది దగ్గర ఉండాలి. ఆ గ్యాస్‌కి వాసన లేదు, రంగు లేదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం మొదలైతే ఆలోచించకుండా అందరూ బయటికి వచ్చి 911కి ఫోన్ చేయండి.

వైర్ల సంగతి. మేం వాడేది లావుపాటి 12 గేజ్ అవుట్‌డోర్ ఎక్స్‌టెన్షన్ కార్డ్. సన్నటి కార్డ్ వేడెక్కి కరుగుతుంది. ఇంట్లో ప్లగ్గుల్లోకే కరెంటు రావాలంటే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో జనరేటర్ వైరు తగిలించే ఇన్‌లెట్ బాక్స్, బ్రేకర్లుండే ప్యానెల్‌కి ఇంటర్‌లాక్ పెట్టించుకోవాలి. మెయిన్ బ్రేకర్ ఆపితే తప్ప జనరేటర్ బ్రేకర్ ఆన్ కాకుండా ఈ ఇంటర్‌లాక్ అడ్డుకుంటుంది. రెండు వైపులా పిన్నులున్న కార్డ్‌తో గోడ ప్లగ్‌లోకి కరెంటు ఎక్కించే పద్ధతి ఎవరు చెప్పినా వినకండి. ఆ కరెంటు బయట లైన్‌లోకి వెళ్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజ్ పెరుగుతుంది, మన కోసం స్తంభం ఎక్కిన మనిషి ప్రాణం పోతుంది.

మా మామయ్యగారు, అత్తయ్యగారు ఈ వేసవికి వైజాగ్ నుంచి వచ్చారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వైజాగ్ మీద విరుచుకుపడినప్పుడు వాళ్ళు అక్కడే ఉన్నారు. నిన్న ఈ పవర్ స్టేషన్‌ని, అంటే ప్లగ్గులున్న ఈ పెద్ద బ్యాటరీ పెట్టెని, చూసి మామయ్యగారు అడిగారు: "అమ్మా, అప్పుడు మనింట్లో ఇన్వర్టర్ ఉంది, కానీ కరెంటే రాకపోతే బ్యాటరీ మళ్ళీ ఎలా ఎక్కుతుంది? ఇది మాత్రం ఎంతసేపు వస్తుంది?"

నేను చెప్పాను: "పగలు ఎలాగూ జనరేటర్ నడుస్తుంది కదా మామయ్యగారూ, దాంతోనే దీన్ని ఎక్కిస్తాం. రాత్రి జనరేటర్ ఆపేసి దీని మీద ఏసీ నడుపుతాం."

ఇది 2 కిలోవాట్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. పొగ రాదు కాబట్టి మంచం పక్కనే పెట్టుకోవచ్చు. చిన్న ఏసీ ఆగకుండా నడిస్తే నాలుగు గంటలు, గది చల్లబడి కంప్రెసర్ ఆగి ఆగి నడిస్తే ఇంకాస్త ఎక్కువ. ముందుగానే గదిని బాగా చల్లబరిచి, పడుకునే వేళకి దీని మీదికి మార్చుకుంటాం. రాత్రంతా జనరేటర్ మోత ఉండదు, నిద్రలో ఉండగా పొగ భయం కూడా ఉండదు. దీన్ని వేడి గ్యారేజ్‌లో ఉంచకండి, బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

మామయ్యగారికి ఇన్సులిన్ ఉంది. తెరిచిన ఇన్సులిన్‌లో చాలా రకాలు 86 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు గది వేడిలో 28 రోజుల దాకా ఉంటాయి. తెరవనివి ఫ్రిజ్‌లోనే ఉండాలి. మీరు వాడే రకం గురించి ఫార్మసీలో అడిగి రాసిపెట్టుకోండి. ఇలాంటి అవసరాలున్న పెద్దవాళ్ళ పేర్లు 211కి ఫోన్ చేసి, విపత్తుల్లో సాయం కావాల్సినవాళ్ళ కోసం ఉన్న రాష్ట్ర రిజిస్ట్రీలో ముందే రాయించవచ్చు.

ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉంటే 24. అందుకే తుఫాను వార్త రాగానే ఖాళీ జాగాలన్నిటిలో నీళ్ళ సీసాలు పెట్టి గడ్డకట్టిస్తాం. ఆ వారం ఇడ్లీ పిండి రుబ్బం. ఆవకాయ, గోంగూర, కందిపొడి ఉండనే ఉన్నాయి.

బయట సెంట్రల్ ఏసీకి కూడా ఇప్పుడే సర్వీసు చేయించాం. కెపాసిటర్ కొలిచి చూశారు. అది బలహీనపడితే కరెంటు వచ్చాక కూడా ఏసీ స్టార్ట్ కాదు, ఆ వారంలో మెకానిక్ దొరకడు. డ్రెయిన్ పైపులో వెనిగర్ పోసి శుభ్రం చేశాం. యూనిట్ చుట్టూ రెండడుగులు ఖాళీ చేసి, పవర్ ఆపి, మామూలు నీళ్ళ పైపుతో నెమ్మదిగా కడిగాం. గాలికి ఎగిరి దానికి తగిలేవన్నీ, నా తులసి కోట, కరివేపాకు కుండీలతో సహా, తుఫాను ముందురోజు లోపలికి వస్తాయి.

లైట్లు మిణుకుమనడం మొదలవగానే ఏసీ బ్రేకర్ ఆపేస్తాం. కరెంటు పోతే గ్యారేజ్ తలుపు బటన్‌తో తెరుచుకోదు కాబట్టి కార్లు ముందే బయటికి తీసి ఉంచుతాం. కరెంటు వచ్చాక వెంటనే అన్నీ ఆన్ చేయం. కాసేపు ఆగి, లైట్లు నికరంగా వెలుగుతున్నాయని చూసి, ముందు ఫ్రిజ్, ఆ తర్వాత ఏసీ. బయటి యూనిట్‌లోకి వరదనీళ్ళు వెళ్ళి ఉంటే టెక్నీషియన్ చూసేదాకా ముట్టుకోవద్దు. వోల్టేజ్ ఒక్కసారిగా పెరిగితే సామాన్లు పాడవకుండా, ప్యానెల్‌కి ఇంటి మొత్తానికీ పనిచేసే సర్జ్ ప్రొటెక్టర్ కూడా పెట్టించాం.

నవంబర్ 30 దాటాక మిగిలిన పెట్రోలు కార్లో పోసేసి, జనరేటర్ ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేసి, కప్పేసి పక్కన పెడతాం. మీ ఇంట్లో ఏ గదిని ఎంచుకున్నారో, మీ కిటికీకి ఏ ఏసీ పట్టిందో కామెంట్స్‌లో రాయండి. ఫ్లోరిడా, లూసియానాల్లో ఉన్న మనవాళ్ళు కూడా చెప్పండి, అక్కడి పద్ధతులు నాకూ తెలుసుకోవాలని ఉంది.