ప్రమోషన్ వచ్చింది, సీజన్ టికెట్ రేటు పెరిగింది: ఈ రేటుకి కొనొచ్చా?

నమస్తే అండీ. ముందు నా ఫోన్‌లో ఈ మెయిల్ చూడండి. క్లబ్ పేరు కనపడకుండా మూసేశాను. నేనుండేది ఇంగ్లండ్‌లో, ఉత్తరం వైపు. మా ఊరి ఫుట్‌బాల్ టీమ్ రెండో డివిజన్‌లో, అంటే ఛాంపియన్‌షిప్‌లో ఉన్న రోజుల్లోనే సీజన్ టికెట్, అంటే ఏడాదిలో సొంత గ్రౌండ్‌లో జరిగే లీగ్ మ్యాచ్‌లన్నిటికీ కలిపి ఒకే టికెట్, తీసుకున్నాను. తర్వాత ప్రమోషన్ వచ్చి, అన్నిటికన్నా పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌కి ఎక్కాం. ఆ రాత్రి ఊళ్లో ఎవరూ పడుకోలేదు. కొన్ని వారాలకి ఈ మెయిల్ వచ్చింది. పైన అభినందనలు, మధ్యలో కప్పు ఎత్తుకున్న ఫొటో, కింద కొత్త రేట్ల పట్టిక. పెద్దవాళ్ల రేటు పెరుగుతుందని అనుకున్నదే. ఇదిగో, ఈ పిల్లల వరుస చూడండి, ఇదీ పెంచేశారు. నా వేలు ఇక్కడే ఆగిపోయింది.

ఎందుకంటే నా పక్క సీటు ఒక పెద్దాయనది. బస్సు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన పక్కన మనవడు, తొమ్మిదేళ్లవాడు. ముందు వరసవాళ్లు లేచి నిలబడితే పిల్లాడికి గ్రౌండ్ కనపడదు. అందుకని తాత ఇంటి నుంచి ఒక దుప్పటి తెచ్చి, నాలుగు మడతలు పెట్టి సీటు మీద వేస్తారు. ఫ్లాస్క్ మూతలో టీ పోసి నాకూ ఇస్తారు. మూడో డివిజన్‌లో ఉన్నప్పుడు కూడా ఆయన అదే సీటు.

అందుకే ఈసారి టీమ్ మీద కాదు, సీజన్ టికెట్ మీదే రివ్యూ చేస్తున్నాను. పెట్టిన డబ్బుకి ఏమొస్తోంది, ఎవరు ఎంత కడుతున్నారు, ఆ పెంపు అవసరమా, ఇదీ విషయం.

మొదట లెక్క. చాలామంది ఇక్కడే మోసపోతారు. ఛాంపియన్‌షిప్‌లో 24 టీములు, సొంత గ్రౌండ్‌లో 23 మ్యాచ్‌లు. ప్రీమియర్ లీగ్‌లో 20 టీములు, సొంత గ్రౌండ్‌లో 19 మ్యాచ్‌లే. అంటే రేటు పైసా పెంచకపోయినా మనకి నాలుగు మ్యాచ్‌లు తగ్గాయి. నిరుడు 460 పౌండ్లు కట్టారనుకోండి, మ్యాచ్‌కి 20 పడింది. అదే 460కి 19 మ్యాచ్‌లంటే మ్యాచ్‌కి 24 దాటుతుంది. క్లబ్ "పది శాతమే పెంచాం" అంటే 506 అవుతుంది, మ్యాచ్‌కి 26 పౌండ్ల 63 పెన్నీలు. మెయిల్‌లో పది శాతం, మ్యాచ్‌కి లెక్కేస్తే మన మీద పడేది ముప్ఫై మూడు శాతం. రేట్ల పట్టిక చూసినప్పుడల్లా ముందు 19తో భాగించండి.

ఇప్పుడు రెండు క్లబ్బుల సంగతి చెప్తాను. మొదటిది హడర్స్‌ఫీల్డ్ టౌన్. 1972లో టాప్ డివిజన్ నుంచి దిగిపోయిన టీమ్, 2017 మే 29న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో రెడింగ్ టీమ్‌ని పెనాల్టీల్లో ఓడించి 45 ఏళ్ల తర్వాత పైకి వచ్చింది. అప్పటి ఛైర్మన్ డీన్ హోయిల్ ఆ క్లబ్‌కి చిన్నప్పటి నుంచీ అభిమాని, గ్రీటింగ్ కార్డుల షాపులు పెట్టి ఎదిగినవాడు. టీమ్ కింద ఉన్న రోజుల్లో ఆయన ఒక మాటిచ్చాడు: ఏడాది కూడా మానకుండా సీజన్ టికెట్ కొంటూ వచ్చినవాళ్లకి, మనం ప్రీమియర్ లీగ్‌కి వెళ్తే 100 పౌండ్లకే టికెట్ ఇస్తానని. వెళ్లారు. ఇచ్చాడు. వేల మందికి. ముందుగా కొన్న మిగతావాళ్లకి 199. 100ని 19తో భాగిస్తే మ్యాచ్‌కి 5 పౌండ్ల 26 పెన్నీలు. ఆ అక్టోబర్ 21న మాంచెస్టర్ యునైటెడ్ అక్కడికి వచ్చి 2-1 తేడాతో ఓడిపోయింది. ఆ మ్యాచ్‌ని ఐదు పౌండ్లకి చూసినవాళ్లున్నారండీ! నేనైతే ఆ టికెట్‌ని ఫ్రేమ్ కట్టించుకుంటాను.

రెండోది లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఉన్న ఫుల్హమ్. 2022లో ఛాంపియన్‌షిప్ గెలిచి పైకి వచ్చింది. 2023-24 సీజన్‌కి కొత్త రివర్‌సైడ్ స్టాండ్‌లో అన్నిటికన్నా ఖరీదైన సీజన్ టికెట్ 3,000 పౌండ్లు. మ్యాచ్‌కి దాదాపు 158. అది అక్కడి మేలైన సీటు రేటు, మిగతా స్టాండ్లలో అంత లేదు, ఆ మాటా చెప్పాలి. లండన్ వేరు, హడర్స్‌ఫీల్డ్ వేరు, అదీ ఒప్పుకుంటాను. అయినా ఒకే లీగ్‌లో ఒకచోట ఐదు, ఇంకోచోట 158 అంటే, రేటు ఎంతుండాలో క్లబ్ మనసే నిర్ణయిస్తోందని కదా అర్థం.

క్లబ్బులు చెప్పే కారణం ఒకటే: జీతాలు పెరిగాయి, మంచి ఆటగాళ్లని కొనాలి. నిజమే, కొనాలి. కానీ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి. ప్రీమియర్ లీగ్‌లో అట్టడుగున నిలిచిన టీమ్‌కి కూడా ఏడాదికి లీగ్ నుంచి 10 కోట్ల పౌండ్లు దాటి వస్తున్నాయి. ప్రధానంగా టీవీ డబ్బే. ఇక 20,000 మంది సీజన్ టికెట్‌దారుల మీద తలా 100 పౌండ్లు పెంచితే వచ్చేది 20 లక్షలు. పది కోట్ల ముందు అది రెండు శాతం. ఆ రెండు శాతం కోసం ఒక ఇంట్లో తాత, మనవడు ఏ ఖర్చు మానుకోవాలా అని కూర్చుని లెక్కలు వేసుకోవాలి. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

పైగా ఆ టీవీ డబ్బు ఊరికే వస్తోందా? 2020 జూన్‌లో కరోనా తర్వాత ఖాళీ స్టేడియాల్లో మ్యాచ్‌లు మొదలుపెట్టినప్పుడు, టీవీవాళ్లు రికార్డు చేసిన జనం అరుపులు కలిపి వేశారు, గుర్తుందా? అరుపు లేకపోతే మ్యాచ్ చప్పగా ఉందని వాళ్లకీ తెలిసింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో శనివారం రాత్రి మీరు టీవీ ముందు కూర్చుంటే మీ ఒళ్లు జలదరించేది ఆ గొంతులకే. లీడ్స్ క్లబ్ అభిమానులు 16 ఏళ్లు ఎదురుచూస్తే ఆ ఏడాదే ప్రమోషన్ వచ్చింది. తర్వాతి సీజన్ దాదాపు మొత్తం వాళ్ల గ్రౌండ్ ఖాళీగానే ఉంది, సొంత అభిమానులు మళ్లీ లోపలికి వచ్చింది చివరి రోజునే.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు కదా. మూడో డివిజన్‌లో వానలో తడుస్తూ కూర్చున్నవాడు పైకి రాగానే, నువ్వు కాకపోతే కొనేవాళ్లు ఇంతమంది ఉన్నారని వెయిటింగ్ లిస్టు చూపించి బెదిరించాల్సిన మనిషి అయిపోయాడు. ఆ వెయిటింగ్ లిస్టు ఎన్నాళ్లుంటుందో కూడా చూడాలి. 2023-24లో పైకెక్కిన మూడు టీములూ ఆ ఏడాదే దిగిపోయాయి. 2024-25లో ఎక్కిన మూడూ అంతే. హడర్స్‌ఫీల్డ్ కూడా రెండో ఏడాది 38 మ్యాచ్‌ల్లో మూడే గెలిచి దిగింది.

పెంపు ఆపలేరా అంటే, ఆపగలరు. బయటి ఊరి నుంచి వచ్చే అభిమానులకి టికెట్ 30 పౌండ్లు మించకూడదని 2016-17 నుంచి ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ ఒప్పుకుని పాటిస్తున్నాయి. సొంత ఊరివాడికి అలాంటి హద్దు లేదు. ఆ 30 పౌండ్ల హద్దు కూడా అభిమానులు పోరాడి తెచ్చుకున్నదే. అదే 2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్ క్లబ్ గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో, కొత్త స్టాండ్‌లో 77 పౌండ్ల టికెట్ పెడతామన్నందుకు, సరిగ్గా 77వ నిమిషంలో వేల మంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలో ఉంది. మ్యాచ్ సండర్లాండ్‌తో 2-2గా ముగిసింది. కొద్దిరోజుల్లోనే ఓనర్లు క్షమాపణ చెప్పి ఆ రేటు వెనక్కి తీసుకున్నారు.

ఇక నా రేటింగ్. మా క్లబ్ ఇచ్చిన టికెట్‌కి, ఆటకైతే ఐదుకి నాలుగు, రేటుకి ఒకటిన్నర. మీరు యూకేలో ఉండి కొత్తగా కొనబోతుంటే రెండు చూసుకోండి. వాయిదాల్లో కడితే వడ్డీ ఎంతో అడగండి, కొన్నిచోట్ల అది ఫైనాన్స్ కంపెనీ లోను. టీమ్ దిగిపోతే రేటు కూడా దిగుతుందా అని మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి.

నేను రెన్యూ చేశాను. పెద్దాయన కూడా చేశారు, తన సీటు ఒక్కటే. పిల్లాడి సీటు వదిలేశారు. మొన్న మొదటి మ్యాచ్‌కి ఆ సీట్లో ఎవరో కొత్తతను కూర్చున్నాడు. దుప్పటి మాత్రం పెద్దాయన అలవాటుగా తెచ్చేశారు. తొంభై నిమిషాలూ ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారు.