8 సెకన్ల కిందటి మనం

మిత్రులారా, తిరుమల గుడిలోని అద్దాల మండపం సంగతి మీకు తెలిసిందే. డోలోత్సవంలో ఊయల మీది స్వామి ముందూ వెనకా, పక్కల అద్దాల్లోనూ ఊగుతూ కనిపిస్తాడు. అక్కడ అద్దాలు స్వామి కోసం. ఇవాళ నేను చెప్పబోయే వీడియో కళలో చూడవచ్చినవాళ్లే చూడాల్సిన బొమ్మ.

అమెరికన్ కళాకారుడు డాన్ గ్రాహం 1974లో ఒక గది తయారుచేశాడు. ఒక గోడకు కెమెరా, టీవీ. ఎదురుగోడ నిండా అద్దం. అద్దంలో ఇప్పటి మీరు ఉంటారు, టీవీలో 8 సెకన్ల కిందటి మీరు. కెమెరాకు మీరు అడ్డు రాకపోతే, అద్దంలో పడిన టీవీని కూడా అది తీస్తుంది. అందుకే టీవీలో ఇంకో టీవీ, అందులో 16 సెకన్ల కిందటి మీరు. దాని లోపల 24. అలా పోతూనే ఉంటుంది.

ఈ 8 సెకన్లే అసలు ముడిసరుకు అని నా అభిప్రాయం. ఒక్క సెకనైతే టీవీ పాడైందనుకుంటాం. నిమిషమైతే ఏం చేశామో మరిచిపోతాం. అద్దం ముందు జుట్టు చెదిరితే వెంటనే సర్దుకుంటాం. ఇక్కడ చెదిరిన జుట్టు టీవీలోకి వచ్చేసరికి సర్దడానికి మన చేతిలో ఏమీ ఉండదు. దాంతో జనం రాబోయే 8 సెకన్ల కోసం నటించడం మొదలుపెడతారు.

మరో అమెరికన్ కళాకారుడు బ్రూస్ నౌమన్ 1970లోనే ఇంకా ఇబ్బంది పెట్టాడు. ఇరుకు నడవ, చివర రెండు టీవీలు. ఒకదాంట్లో ఎప్పుడో తీసిన ఖాళీ నడవ. రెండోదాంట్లో మీ వీపు, ఎందుకంటే కెమెరా మీ వెనక, గుమ్మం పైన ఉంది. టీవీ దగ్గరికి వెళ్లేకొద్దీ కెమెరాకు దూరమై, మీరు చిన్నవాళ్లైపోతారు.

సెల్ఫీల కోసం కట్టే అద్దాల గదులంటే నాకు పెద్ద మోజు లేదు. అవి మనం అడిగిన ముఖాన్నే ఇస్తాయి. గరుడసేవ రోజు వాహనం ఎదురుగా వెళ్తున్నా పెద్ద తెర వైపు చూసేవాళ్లుంటారు చూడండి, ఆ చూపు మీద పనిచేసే కళాకారుడు తిరుపతిలోనే పుట్టాలి!

మీలో ఎవరైనా గ్రాహం గదిలాంటిది చేస్తానంటే పెద్ద అద్దం, వెబ్‌క్యామ్, వీడియోను ఆలస్యంగా చూపే సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్, పాత టీవీ చాలు. లైటు అద్దంలోంచి కెమెరా మీద పడకుండా చూసుకోండి. కెమెరాను తలలకంటే పైన బిగించండి, లేకపోతే ముందు నిలబడ్డవాళ్లు ఆ 16 సెకన్ల బొమ్మను మింగేస్తారు.