పెళ్లి కార్డుల మీద ఆ రాత పడుతుందా?

వ్యాఖ్యాత: తర్వాతి ఫోను తెనాలి నుంచి. నమస్కారం, చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. నాది డీటీపీ సెంటర్. పోయిన వారం పిడుగు పడి మా కంప్యూటర్ మదర్‌బోర్డు కాలిపోయింది. కొత్తది వేయించాను. డిస్కు పాతదే. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అన్నీ భద్రంగా ఉన్నాయి. కానీ తెర మూలన ‘విండోస్‌ను యాక్టివేట్ చేయండి’ అని బూడిద రంగు అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. ముందు ఒక్క మాట చెప్పండి సార్, ఆ రాత పెళ్లి కార్డుల మీద పడుతుందా?

నిపుణుడు: (నవ్వుతూ) పడదండీ. అది తెర వరకే. వాల్‌పేపర్, రంగులు మార్చుకోనివ్వదు కానీ మీ పని ఆగదు.

శ్రోత: డబ్బు కట్టి కొన్నదే కదా, మరి ఎందుకు పోయింది?

నిపుణుడు: విండోస్ మీ కంప్యూటర్‌ను గుర్తుపట్టేది లోపలి భాగాలను బట్టి. అందులో మదర్‌బోర్డుకే పెద్దపీట. ర్యామ్ పెంచితే సాధారణంగా పట్టించుకోదు. బోర్డు మారితే మాత్రం ఇది వేరే యంత్రం అనుకుంటుంది. ఇంతకీ ఆ విండోస్ కంప్యూటర్‌తో పాటే వచ్చిందా, విడిగా కొన్నారా?

శ్రోత: విడిగానే, పెట్టెతో సహా.

నిపుణుడు: బతికించారు. కంప్యూటర్‌తో కలిసి వచ్చే ఓఈఎం లైసెన్సు అయితే పాత బోర్డుతోనే దానికి ఋణం తీరిపోయేది. వారంటీలో తయారీదారే బోర్డు మారిస్తే అది వేరే సంగతి. విడిగా కొన్న రిటైల్ లైసెన్సు మీ వెంట వస్తుంది. పెట్టెలో 25 అక్షరాల కీ, అంటే లైసెన్సు కోడ్, ఉంటుంది, చూడండి.

శ్రోత: ఆ పెట్టెను పాత కాగితాలతో పాటు తూకానికి వేసేశామండీ.

వ్యాఖ్యాత: అయ్యో!

నిపుణుడు: పోనీండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లేవారా?

శ్రోత: మా అబ్బాయి తన ఈమెయిల్ పెట్టాడు. బెంగళూరులో ఉద్యోగం.

నిపుణుడు: అయితే ఆ ఖాతాయే కావాలి. లైసెన్సును ఖాతాకు ముడిపెట్టే వీలు 2016లో విండోస్ 10కు వచ్చింది. మీది విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరిచి ట్రబుల్‌షూట్ నొక్కండి. కాసేపు వెతికి, తనవల్ల కాలేదంటుంది. కంగారుపడి మూసేయకండి. అక్కడే అడుగున ‘ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వరుస ఉంటుంది. చాలామంది అది చూడకుండానే షాపుకు పరుగెడతారు. దాన్ని నొక్కి అబ్బాయి ఖాతా వివరాలిస్తే కంప్యూటర్ల జాబితా వస్తుంది.

శ్రోత: అందులో వాడి ల్యాప్‌టాప్ కూడా ఉంటుందేమో?

నిపుణుడు: ఉండవచ్చు. అందుకే మీ కంప్యూటర్ పేరు ముందే రాసి పెట్టుకోండి. సిస్టమ్ చివర అబౌట్‌లో కనిపిస్తుంది. జాబితాలో ఆ పేరు ఎంచుకుని, ఇప్పుడు వాడుతున్నది ఇదేనన్న చోట టిక్ పెట్టి యాక్టివేట్ నొక్కండి.

శ్రోత: 500 రూపాయలకే కొత్త కీ ఇస్తామని ఒకరు అన్నారు.

నిపుణుడు: వద్దండీ. అంత చవకగా దొరికే కీ ఎవరికో ఇచ్చినది అయి ఉంటే కొన్నాళ్లకు ఆగిపోవచ్చు. సొంత లైసెన్సు ఉండగా ఆ ఖర్చెందుకు? మీ అబ్బాయి ఫోనుకు కోడ్ రావచ్చు, ఆ సమయానికి అందుబాటులో ఉండమనండి.

శ్రోత: వాడు డ్యూటీ దిగేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. అయితే ఈలోగా ఆ 400 కార్డులూ వేసేస్తానండీ.