ఆగిన చోటు నుంచే మళ్ళీ మొదలు

అందరికీ నమస్కారం.

పొడవైన నడకదారిని తోటివాళ్ళతో కలిసి, విడతల వారీగా పూర్తిచేయడం గురించి మాట్లాడమని అడిగారు. ఏళ్ళ తరబడి ఆ పనిలోనే ఉన్నాను కాబట్టి ఒప్పుకున్నాను. ఈ పని మీద నాకు చాలా ప్రేమ. ఆ ప్రేమతోనే ముందు ఒక మాట చెప్పాలి.

వెయ్యి కిలోమీటర్ల దారిని ఒకే ఊపులో నడిచినవాళ్ళే నిజంగా నడిచినట్టు, ముక్కలుగా నడిచినవాళ్ళు ఏదో సర్దుకున్నట్టు ఒక అభిప్రాయం ఉంది. విడతల్లో నడిచేవాళ్ళు కూడా తమ గురించి కాస్త తగ్గించే చెప్పుకుంటారు. "మాదేముంది లేండి, సెలవులు దొరికినప్పుడు నాలుగు రోజులు వెళ్ళొస్తాం" అంటారు. అలా తగ్గాల్సిన అవసరం ఏమీ లేదు.

అమెరికాలోని అప్పలేచియన్ ట్రెయిల్ సంగతే చూడండి. జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా, 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్ల దారి అది. బెంటన్ మెకాయ్ 1921లో ఈ ఆలోచనను రాసి ప్రకటించాడు. 1937 నాటికి దారి ఈ కొస నుంచి ఆ కొసకు కలిసింది. దాన్ని మొత్తం నడిచిన మొదటి మనిషిగా పేరున్న మైరన్ ఏవరీ వృత్తిరీత్యా లాయరు. వీలు దొరికినప్పుడల్లా వెళ్ళి, దారి వెతుకుతూ, గుర్తులు పెట్టిస్తూ, దూరం కొలిచే చక్రాన్ని ముందుకు తోసుకుంటూ ఒక్కో భాగం నడిచాడు. అలా 1936లో, దారి పూర్తిగా కలవకముందే, మొత్తం పూర్తిచేశాడు. ఒకే సీజన్లో మొదటి నుంచి చివరి దాకా నడిచానని ఎర్ల్ షేఫర్ చెప్పింది ఆ తరవాత, 1948లో. అంటే ఆ దారి మీద విడతల నడకే ముందు పుట్టింది. ఆ ట్రెయిల్‌ను చూసుకునే సంస్థ ఈ రోజుకీ విడతల్లో నడిచినవాళ్ళనూ, ఒకే ఊపులో నడిచినవాళ్ళనూ ఒకేలా గుర్తిస్తుంది. ఏ వరసలో నడిచారు, ఏ దిక్కుగా నడిచారు, ఎన్నేళ్ళు పట్టింది అని అడగదు. మొత్తం నడిచారా లేదా, అంతే. దానికీ మీ మాటే సాక్ష్యం.

ఇదేమీ అమెరికాకే పరిమితం కాదు. జపాన్‌లోని షికోకు ద్వీపంలో 88 ఆలయాలను కలుపుతూ సుమారు 1,200 కిలోమీటర్ల యాత్రాదారి ఉంది. ద్వీపంలోని పాత నాలుగు ప్రాంతాల్లో ఒక్కో విడతకు ఒక్కోటి పూర్తిచేసే పద్ధతి అక్కడ చాలా కాలంగా ఉంది. మన నర్మదా పరిక్రమనూ ఖండాలుగా చేసేవాళ్ళున్నారు. జబల్‌పూర్ చిత్రకారుడు, రచయిత అమృత్‌లాల్ వేగడ్ 1977లో, యాభైకి దగ్గరపడుతున్న వయసులో నర్మద ఒడ్డున నడక మొదలుపెట్టారు. విడతలు విడతలుగా ఏళ్ళ మీద నడిచారు. కొన్నిసార్లు విద్యార్థులు, తరవాత రోజుల్లో భార్య ఆయనతో కలిసి నడిచారు. ఒక ఉద్యోగం, ఒక కుటుంబం ఉన్న మనిషి అంత పెద్ద నది వెంట నడవగలిగింది ఈ పద్ధతి వల్లే.

ఇక అసలు విషయానికి వస్తాను. విడతల నడకలో కష్టమంతా దారి మీద ఉంటుందని అనుకుంటాం. నా అనుభవంలో అది రెండు విడతల మధ్య ఉంటుంది. దారి మీద ఉన్నప్పుడు అందరి ఆలోచనా ఒకటే: తరవాతి గుర్తు ఎక్కడ, నీళ్ళు ఎంత మిగిలాయి, చీకటి పడేలోపు చేరతామా. ఇంటికి వెళ్ళాక ఎవరి బతుకు వాళ్ళది. ఒకరికి లీవు దొరకదు, ఒకరి అమ్మాయికి పరీక్షలు, ఇంకొకరి నాన్నకు ఒంట్లో బాగుండదు. "వచ్చే నెల చూద్దాం" అన్న మాట రెండుసార్లు వినపడిందంటే ఆ బృందం సగం విడిపోయినట్టే. నేను చూసినంతలో కొండలకూ వానలకూ ఆగిపోయిన నడకలు తక్కువ. తేదీ కుదరక ఆగిపోయినవే ఎక్కువ.

అందుకని మేం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. విడత ముగిసిన చోటు నుంచి బయలుదేరకముందే, షూస్‌కు ఇంకా బురద ఉండగానే, తరవాతి విడత తేదీ ఖాయం చేస్తాం. అప్పుడు అందరిలో ఉత్సాహం ఉంటుంది, ఎవరూ వంకలు చెప్పరు. ఆ తేదీ ఇంట్లో చెప్పాక, ఆఫీసులో లీవు పెట్టాక వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదు. మారాల్సి వస్తే మారుతుంది, తప్పదు. కానీ మార్చడానికి ఒక తేదీ అంటూ ఉండాలి కదా.

ఒకరు రాలేకపోతే ఏం చేయాలన్నది ప్రతి బృందానికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న. మిగతావాళ్ళు ఆగిపోతే నడక సాగదు. ఆగకుండా వెళ్ళిపోతే రాలేనివాళ్ళకు మధ్యలో ఒక ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ దూరం ఎంతైనా కానీయండి, మనసులో మాత్రం పెద్దదవుతుంది. "ఇక నాది పూర్తికాదులే" అనిపిస్తుంది. రెండు విడతలు పోయాక ఫోన్ చేస్తే ఎత్తరు. మా పద్ధతి ఏమిటంటే, తప్పిన భాగాన్ని వాళ్ళు తరవాతి విడతలోపే నడవాలి, అయితే ఒంటరిగా కాదు. అది అప్పటికే నడిచినవాళ్ళలో కనీసం ఒకరు మళ్ళీ తోడు వెళ్ళాలి. "నేను ఇప్పటికే నడిచేశాను కదా" అనే మాట మా బృందంలో చెల్లదు. ఇలా రెండోసారి నడిచే అవకాశం నాకూ వచ్చింది. మొదటిసారి తల వంచుకుని ఎక్కిన కొండను రెండోసారి నిదానంగా చూశాను. తోడుగా వెళ్ళినవాళ్ళే ఎక్కువ లాభపడతారని అప్పటి నుంచి గట్టిగా నమ్ముతున్నాను.

ఆగిన చోటు నుంచే మళ్ళీ మొదలుపెట్టడం గురించి కూడా చెప్పాలి. ఒకసారి మా విడత ఒక చిన్న చెక్క వంతెన దగ్గర ముగిసింది. వాన, పైగా చీకటి పడుతోంది. అందరం బండి వైపు పరుగెత్తాం. నెలల తరవాత తిరిగి వెళ్ళినప్పుడు వంతెనకు ఇవతల ఆగామా, అవతల ఆగామా అని ఇద్దరి మధ్య పేచీ వచ్చింది. ఆ వంతెన గట్టిగా ఇరవై అడుగులు ఉండదు. మా పెద్దాయన వాళ్ళ మాటల్లో తలదూర్చలేదు. బ్యాగు భుజాన వేసుకుని వంతెన దాటి వెళ్ళాడు. అవతలి గట్టు మీద, అడుగున నాచు పట్టి, రంగు వెలిసిన బాణం గుర్తుతో ఒక కంబం ఉంది. దాన్ని అరచేత్తో తాకి, వెనక్కి తిరిగి, మా వైపు నడుచుకుంటూ వచ్చాడు. తరవాత మేమూ ఒక్కొక్కరం వెళ్ళి ఆ కంబాన్ని తాకి వచ్చాం. పేచీ పడిన ఇద్దరూ కలిసే వెళ్ళొచ్చారు.

ఆ ఇరవై అడుగులకు ఎవరూ లెక్క అడగరు. అయినా అది ముఖ్యమని నేనంటాను. మనం పెట్టుకున్న నియమాన్ని మనమే చూసీచూడనట్టు వదిలేస్తే, తరవాత రెండు కిలోమీటర్ల తారురోడ్డు ముక్కనూ బండిలో దాటేయొచ్చు అనిపిస్తుంది. ఇప్పుడు ప్రతి విడత చివరా కంబమో మలుపో కనిపించేలా ఒక ఫొటో తీసి, ఫోన్లో జీపీఎస్ స్థానం భద్రపరిచి, నోటుబుక్కులో ఒక వాక్యం రాస్తాం. ఈ మూడింట్లో నాకు బాగా పనికొచ్చింది నోటుబుక్కే. ఫోన్లు మారిపోతాయి.

శరీరం సంగతికి వద్దాం. ఒకే ఊపులో నడిచేవాళ్ళతో పోలిస్తే మనకు ఒక ఇబ్బంది నిజంగానే ఉంది. కొండ ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కానీ కండరాలను ఎక్కువగా దెబ్బతీసేది దిగడం. దిగేటప్పుడు తొడ ముందువైపు కండరం ఒకపక్క సాగుతూనే, ఇంకోపక్క బిగిసి శరీర బరువును ఆపాలి. అలవాటు లేని కండరపోగులు అక్కడ సూక్ష్మంగా దెబ్బతింటాయి. ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు. ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదురుతుంది. అందుకే మొదటి రోజు హుషారుగా నడిచినవాళ్ళు మూడో రోజు పొద్దున మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటారు. ఒకసారి అలా దెబ్బతిని కోలుకున్న కండరం ఆ తరవాత కొన్ని వారాల పాటు అంత సులువుగా దెబ్బతినదు. నెలల తరబడి నడిచేవాళ్ళు ఈ బాధ మొదట్లో ఒకసారి పడతారు. మనం ప్రతి విడతలోనూ పడతాం.

దీనికి మందు మన చేతిలోనే ఉంది. విడతకు రెండు మూడు వారాల ముందు నుంచి మెట్లు దిగడం సాధన చేయండి. ఎక్కడానికి కావాలంటే లిఫ్టు వాడుకోండి, దిగడం మాత్రం నడిచే దిగండి. మొదటి రోజు దూరం కావాలనే తక్కువ పెట్టుకోండి. ఇంకో మాట: వీలుంటే మూడు రోజుల విడతలు రెండు చేసే బదులు ఆరు రోజుల విడత ఒకటి చేయండి. మూడు రోజుల విడతలో నొప్పి బాగా ముదిరిన రోజే ఇంటికి తిరిగి వస్తాం. నాలుగో రోజు నుంచి కాళ్ళు మాట వినడం మొదలుపెడతాయి. ఆ సుఖం తెలియకుండానే తిరిగి రావడం బాధగా ఉంటుంది.

రోజుకు ఎంత దూరం అన్నదానికి విలియం నెయిస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. సుమారు 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. ఇంగ్లండ్‌లోని సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ సముద్రం పక్కనే సాగుతుంది కాబట్టి తేలిక అనుకుంటారు. దాదాపు 1,014 కిలోమీటర్ల ఆ దారిలో ఎక్కే ఎత్తులన్నీ కలిపితే 35,000 మీటర్లు. నెయిస్మిత్ లెక్కన ఆ ఎక్కడాలకే విడిగా 58 గంటలు కావాలి. అయితే ఆ లెక్కలో ఆగిన సమయం లేదు, గుంపూ లేదు. బృందానికి ప్లాన్ వేసేటప్పుడు అందరికన్నా నిదానంగా నడిచేవాళ్ళ వేగమే మీ వేగం.

ఇక్కడ చాలా బృందాల్లో జరిగే ఒక అన్యాయం చెప్పాలి. వేగంగా నడిచేవాళ్ళు ముందు వెళ్ళి ఒక చెట్టు కింద కూర్చుంటారు. వెనకవాళ్ళు చెమటలు కక్కుతూ అక్కడికి చేరతారు. వాళ్ళు రాగానే "హమ్మయ్య, వచ్చేశారు, పదండి" అని ముందువాళ్ళు లేస్తారు. రోజంతా ఇలాగే సాగితే ముందువాళ్ళకు ఆరేడుసార్లు విశ్రాంతి దొరుకుతుంది. అది ఎక్కువ అవసరమైనవాళ్ళకు ఒక్కసారీ దొరకదు. పైగా అందరినీ ఆపుతున్నామన్న టెన్షన్ ఒకటి. మేం చివరివాళ్ళు వచ్చి, బ్యాగు దించి, నీళ్ళు తాగాకే గడియారం చూడటం మొదలుపెడతాం. అక్కడి నుంచి పది నిమిషాలు. ఎక్కుడు దారిలో నిదానంగా నడిచేవాళ్ళే ముందుంటారు.

ఆ టెన్షన్ వల్లే కాలి బొబ్బలు కూడా దాస్తారు. మడమ దగ్గర మంట మొదలైనప్పుడే ఆగి, సాక్స్ తీసి, చర్మం తుడిచి ఆరబెట్టి, మంటపుట్టిన చోట టేపు వేస్తే ఐదు నిమిషాల పని. "పాపం అందరినీ ఎందుకు ఆపడం" అని ఇంకో గంట నడిస్తే బొబ్బ లేస్తుంది, మర్నాటి నడక పోతుంది. అందుకే మాలో ఎవరు "ఆగండి" అన్నా ఎందుకని అడగం. ఆగుతాం. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే ఈ మాట చెబుతాం.

బండ్ల విషయం క్లుప్తంగా చెబుతాను. మీ బండిని ఆ రోజు నడక ముగిసే చోట పెట్టి, పొద్దున్నే బస్సో ఇంకో బండో ఎక్కి మొదలయ్యే చోటికి వెళ్ళండి. అప్పుడు సాయంత్రం చివరి బస్సు అందుతుందా అన్న కంగారు ఉండదు. బృందం పెద్దదైతే రెండుగా విడిపోయి, రెండు కొసల నుంచి ఎదురెదురుగా నడిచి, మధ్యలో కలిసినప్పుడు తాళంచెవులు మార్చుకోవచ్చు. కలిసి నడవడమే ఇష్టమైన నాలాంటివాళ్ళకు అది అంతగా నచ్చదు. విడత ఎక్కడ ఆపాలన్నది అందాన్ని బట్టి కాకుండా, తిరిగి రావడానికి బస్సో రైలో ఉన్న చోటును బట్టి తేల్చుకోండి.

చివరి విడత గురించి చెప్పి ముగిస్తాను. దాన్ని మొదటి నుంచే మనసులో పెట్టుకుని ప్లాన్ చేయాలి. ఏళ్ళ మీద సాగే నడకలో కొందరు మధ్యలో మానేస్తారు. మోకాలు అరిగి ఒకరు, ఊరు మారి ఒకరు, ఇంట్లో బాధ్యతలతో ఇంకొకరు. వాళ్ళు నడిచిన భాగం ఆ దారిలో అలాగే ఉంది, వాళ్ళు మోసిన బరువు మనం తిన్నాం, వాళ్ళు పట్టుకున్న టార్చి వెలుగులో మనం దిగాం. కాబట్టి చివరి రోజు దూరం చిన్నదిగా, చదునుగా ఉండేలా ముందు రోజులను సర్దుకోండి. చివరి మూడు నాలుగు కిలోమీటర్ల ముందు బండి వచ్చే చోటు ఒకటి చూసి పెట్టుకోండి. మానేసినవాళ్ళందరికీ కనీసం రెండు నెలల ముందు ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టి ఊరుకోకండి, ఫోన్ చేసి మాట్లాడండి. వాళ్ళు మొదట "నేనెందుకులే" అంటారు. రెండోసారి కూడా చేయండి.

మ్యాపులూ మా నోటుబుక్కూ ఇక్కడ బల్ల మీద పెట్టాను. ఎవరైనా ఒక దారి అనుకుని వచ్చి ఉంటే ముందుకు రండి, విడతలు ఎక్కడెక్కడ ఆపాలో కూర్చుని చూద్దాం.