అంకెతో పాటు దాని ఆనుపానులు: ఏఐ సహాయకులకు ఆర్థిక నిష్పత్తుల టూల్స్

సభకు నమస్కారం.

షేర్ల ఆర్థిక నిష్పత్తులను విశ్లేషించే టూల్స్‌ను, అంటే అంకెలు తెచ్చి లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములను, ఏఐ సహాయకుల చేతికి ఎలా అందించాలన్నది ఈ రోజు మన ముందున్న విషయం. ఈ పనికి పూనుకున్నవారి శ్రద్ధ చాలావరకు టూల్‌నూ సహాయకుణ్నీ కలపడం మీదే ఉంటుంది. నిజానికి అది ఇప్పుడు తేలిక భాగం. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను విడుదల చేశాక, టూల్ పేరు, అది చేసే పని, దానికి ఇవ్వవలసిన వివరాలు నిర్ణీత పద్ధతిలో రాసిపెడితే, ఆ పద్ధతి తెలిసిన ఏ సహాయకుడైనా దాన్ని వాడుకోగలడు. ఆ టూల్ తిరిగి ఏమివ్వాలి, ఎప్పుడు ఇవ్వనని చెప్పాలి అన్న దగ్గరే అసలు చిక్కు ఉంది.

టూల్ ఎందుకు కావాలో ఇక్కడున్నవారికి విడమరచి చెప్పనక్కర్లేదు. ఏఐ సహాయకుడి వెనుక ఉండే భాషా మోడల్, తర్వాత రాబోయే మాటను అంచనా వేసుకుంటూ వాక్యం అల్లుతుంది. ఫలానా కంపెనీ పీఈ (షేరు ధరను షేరుకు వచ్చే లాభంతో భాగిస్తే వచ్చేది) ఎంత అని అడిగితే, శిక్షణ కాలంలో ఎప్పుడో చదివిన అంకెను నేటి అంకె అన్నంత ధీమాగా చెప్పగలదు. కాబట్టి అంకెలు తేవడం, భాగహారం చేయడం టూల్ వంతు, వాటి అర్థం వివరించడం మోడల్ వంతు అని పని పంచుకున్నాం. అయితే భాగహారం సరిగ్గా చేసినంత మాత్రాన జవాబు సరైనది కాదు.

ఒక ఉదాహరణ చూడండి. ఒక కంపెనీకి ఈ ఏడు 20 కోట్ల నష్టం వచ్చింది. ఏళ్ల తరబడి పేరుకున్న నష్టాల వల్ల దాని ఈక్విటీ, అంటే ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే వాటాదారులకు మిగిలేది, కూడా కరిగిపోయి మైనస్ 50 కోట్లకు దిగింది. ఈక్విటీపై రాబడి లెక్కగట్టమంటే టూల్ మైనస్ 20ని మైనస్ 50తో భాగిస్తుంది. మైనస్‌కు మైనస్ కొట్టుకుపోయి 40 శాతం వస్తుంది. గణితంలో దోషమేమీ లేదు. ఆ 40 శాతం అందుకున్న సహాయకుడు మాత్రం వాటాదారుల సొమ్ముపై అద్భుతమైన రాబడి సాధిస్తున్న కంపెనీ అని నిండు వాక్యాల్లో మెచ్చుకుంటాడు. మునిగిపోతున్న కంపెనీకి మేలిమి ముద్ర పడిందన్న మాట. ఈక్విటీ సున్నా గానీ అంతకు తక్కువ గానీ అయినప్పుడు టూల్ అంకె ఇవ్వకూడదు. ఈ నిష్పత్తికి ఇక్కడ అర్థం లేదని, ఎందుకు లేదో కారణంతో సహా చెప్పాలి. నష్టాల్లో ఉన్న కంపెనీ పీఈ విషయంలోనూ ఇంతే.

రెండో రకం పొరపాటు కాలానికి సంబంధించినది. వెయ్యి పలికే షేరును ఒకటికి ఐదుగా విభజిస్తే ధర 200 దగ్గరకు వస్తుంది. ధర ఒక చోటి నుంచి, విభజనకు ముందటి వార్షిక నివేదికలోని షేరుకు లాభం 50 అన్న అంకె మరొక చోటి నుంచి తెచ్చి భాగిస్తే, 20 ఉండవలసిన పీఈ 4 అవుతుంది. నగదు ప్రవాహాల పట్టికలో ఇంకో ఉచ్చు ఉంది. అమెరికాలో కంపెనీలు సమర్పించే త్రైమాసిక నివేదికల్లో ఆ పట్టిక ఏడాది మొదటి నుంచి కలుపుకొని వస్తుంది. మూడో త్రైమాసికం కింద కనిపించేది మూడు నెలల అంకె కాదు, తొమ్మిది నెలలది. గడిచిన పన్నెండు నెలల అంకె కావాలంటే, నిరుటి పూర్తి ఏడాది మొత్తానికి ఈ ఏటి తొమ్మిది నెలలు కలిపి, నిరుటి తొమ్మిది నెలలు తీసివేయాలి. ఈ లెక్కను మోడల్ తెలివికి వదిలిపెట్టడం నా మటుకు బాధ్యతారాహిత్యమే. అది టూల్ లోపలే జరగాలి.

మూలాల సంగతీ అంతే. అమెరికా షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ అయిన సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2009 నుంచి దశలవారీగా, ప్రతి అంకెకూ అదేమిటో చెప్పే ట్యాగు తగిలించే ఎక్స్‌బీఆర్‌ఎల్ రూపంలో నివేదికలు కోరడంతో యంత్రాలు చదవగలిగే సమాచారం ధారాళంగా దొరుకుతోంది. కానీ 2018లో ఆదాయాన్ని గుర్తించే కొత్త ప్రమాణం అమల్లోకి వచ్చాక ఎన్నో కంపెనీలు ఆదాయానికి వాడే ట్యాగును మార్చాయి. పాత ట్యాగు ఒక్కటే వెతికే టూల్‌కు ఏళ్ల నాటి అంకె దొరుకుతుంది. దాన్నే తాజా ఆదాయమని అందిస్తుంది. లోపం ఉన్నట్టు ఎవరికీ తెలియదు, ఎందుకంటే అంకె నిజమైనదే, సంవత్సరమే వేరు.

నిర్వచనాలు మరీ మొండివి. అప్పు అంటే ఏమిటి? 2019 జనవరి 1న లీజులకు సంబంధించిన అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16 అమల్లోకి వచ్చినప్పుడు, అంతవరకు బ్యాలెన్స్ షీట్ బయట ఉన్న లీజు బాధ్యతలు చాలావరకు లోపలికి వచ్చాయి. దుకాణాలనూ విమానాలనూ లీజుకు తీసుకొని నడిపే కంపెనీల అప్పు-ఈక్విటీ నిష్పత్తి, కొత్తగా పైసా అప్పు చేయకపోయినా పెరిగింది. ఐదేళ్ల వరుస అడిగిన సహాయకుడికి అది అప్పుల ఊబిలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అందుకని టూల్ జవాబులో నిష్పత్తితో పాటు లవం, హారం, అవి ఏ నివేదికలో ఏ తేదీ నాటివి, లీజులు కలిశాయా లేదా అన్నవి విడివిడిగా రావాలి. నాలుగు మాటల్లో అయ్యే జవాబు పది వరుసలవుతుందని కొందరు సణుగుతారు. సణగనివ్వండి, అంకె ఆనుపానులు తెలియని సహాయకుడు ఖాళీలను ఊహతో పూరిస్తాడు.

కంపెనీ దివాలా తీసే ప్రమాదాన్ని అంచనా వేయడానికి ఎడ్వర్డ్ ఆల్ట్‌మన్ అనే ఆర్థిక ఆచార్యుడు 1968లో ప్రతిపాదించిన జెడ్ స్కోరుది మరో పాఠం. 2.99 దాటితే సురక్షితం, 1.81 కంటే తగ్గితే ప్రమాదం అన్న గీతలు అందరికీ కంఠతా వచ్చు. ఆ సూత్రాన్ని ఆయన తయారీ రంగ కంపెనీలపై రూపొందించారన్న సంగతి మాత్రం మరుగున పడుతుంది. అందులో మొదటి అంశమే నిర్వహణ మూలధనం, అంటే స్వల్పకాలిక ఆస్తుల్లోంచి స్వల్పకాలిక అప్పులు తీసేయగా మిగిలేది. బ్యాంకు లెక్కల్లో స్వల్పకాలికం, దీర్ఘకాలికం అన్న అలాంటి విభజనే ఉండదు. అందువల్ల టూల్ వర్ణనలోనే అది ఏ రంగాలకు పనికిరాదో రాసి ఉంచాలి. మోడల్ ఏ టూల్‌ను పిలవాలో తేల్చుకునేది ఆ వర్ణన చదివే కాబట్టి, అక్కడ రాసే ఒక్క వాక్యం కోడ్‌లోని వంద వరుసలంత పని చేస్తుంది.

పరీక్షలు కూడా ఈ వైపు నుంచే మొదలుపెట్టాలి. సవ్యంగా ఉన్న కంపెనీల మీద టూల్ ఎలాగూ సవ్యంగానే నడుస్తుంది. రుణాత్మక ఈక్విటీ ఉన్న కంపెనీ, నిన్ననే షేర్లు విభజించినది, ఆర్థిక సంవత్సరం ముగింపు తేదీ మార్చుకున్నది, ఒక బ్యాంకు: వీటినే ముందు పెట్టి అడగాలి. బ్యాంకు కరెంట్ రేషియో (స్వల్పకాలిక ఆస్తులను స్వల్పకాలిక అప్పులతో భాగిస్తే వచ్చేది) ఎంత అన్న ప్రశ్నకు, అది బ్యాంకులకు వర్తించదని, దాని బదులు మూలధన నిష్పత్తినీ మొండి బకాయిల శాతాన్నీ చూడాలని టూల్ చెప్పి, సహాయకుడు ఆ మాటను మార్చకుండా, మధ్యలో ఏ అంకెనూ కల్పించకుండా వినియోగదారుడికి అందించిన రోజున ఆ టూల్‌ను బయటికి వదలవచ్చు.