తాళంచెవి ఎవరి దగ్గర?

సభకు నమస్కారం. అంతర్యుద్ధం ముగిశాక తిరుగుబాటుదారులను దేశ సైన్యంలో కలుపుకోవడం గురించి మాట్లాడమన్నారు. కడపలో కూర్చుని నేపాల్, కాంగోల గొడవ మనకెందుకని ఎవరికైనా అనిపించవచ్చు. అందుకే ముందు కోవెలకుంట్లకు వెళ్దాం. ఒకప్పుడు అది కడప కలెక్టరు పరిధిలోనే ఉండేది.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి అప్పగించాక, థామస్ మన్రో వచ్చి పాలెగాళ్ల బలగాలనూ పెత్తనాన్నీ అణచివేశాడు. కొందరికి భరణాలు మిగిలాయి. ఊళ్లకు కాపలా కాసే కట్టుబడి బంట్లకు ఇనాం భూములు ఉండేవి. కత్తి పట్టినవాడికి కూడు చూపించాలని కంపెనీకీ తెలుసు. తర్వాతి తరం అధికారులు ఆ ఇనాములను వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వాటాకు వచ్చే భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. దాని కోసం మనిషిని పంపితే తహసీల్దారు అవమానించాడని చెబుతారు. 1846లో ఆయన తిరగబడితే, ఇనాములు పోయిన కట్టుబడులు వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలోనే ఆయనను ఉరితీశారు.

ఇక నేపాల్. అక్కడ మావోయిస్టుల యుద్ధం 1996 నుంచి 2006 దాకా సాగింది. మన పత్రికల్లో ఇలాంటి వార్తలకు 'లొంగిపోయారు' అని రాస్తారు. అక్కడ ఎవరూ లొంగలేదు. ఇరుపక్షాలూ సమానంగా కూర్చుని సంతకాలు పెట్టాయి. యోధులను శిబిరాల్లో ఉంచి, ఆయుధాలను పెద్ద ఇనుప కంటైనర్లలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి మావోయిస్టుల దగ్గరే ఉంది. ఐక్యరాజ్యసమితి వాళ్ల చేతిలో ఉన్నవి నిఘా కెమెరాలు, తలుపు తెరిస్తే మోగే సైరన్. పంపకాల దగ్గర చెడిన అన్నదమ్ములు ఉమ్మడి కొట్టానికి తాళం వేసుకున్నట్టు ఉంటుంది ఈ ఏర్పాటు. నాకైతే చాలా నచ్చింది, ఎందుకంటే ఎవరి మొహమూ చిన్నబుచ్చలేదు.

మొహం చిన్నబోయింది తర్వాత. ఐక్యరాజ్యసమితి పరిశీలనలో 19,602 మంది అర్హులని తేలారు. దాదాపు 4,000 మందిని పక్కన పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది యుద్ధకాలంలో చేరిన మైనర్లు. 2010లో వాళ్లను ఇళ్లకు పంపేటప్పుడు తగిలించిన మాట నేపాలీలోనూ మన మాటే: 'అయోగ్యులు'. చిన్నప్పుడే తుపాకి చేతికిచ్చి, పెద్దయ్యాక ఆ పేరు పెడితే ఏ ముఖంతో ఊళ్లోకి వెళతారు?

మిగిలినవాళ్ల సంగతి తేలడానికి ఏళ్లు పట్టింది. మధ్యలో 2009లో సైన్యాధిపతిని తొలగించబోయి, అప్పటి ప్రధాని అయిన మావోయిస్టు నాయకుడు ప్రచండ తన పదవినే వదులుకున్నారు. 2011 ఒప్పందం ప్రకారం 6,500 మంది దాకా సైన్యంలో చేరవచ్చు. చివరికి చేరింది సుమారు 1,400 మంది. ఎక్కువమంది హోదాను బట్టి 5 నుంచి 8 లక్షల నేపాలీ రూపాయలు తీసుకుని వెళ్లిపోయారు. డబ్బు మీద ఆశ అనుకోకండి. అడవిలో దళాన్ని నడిపినవాడికి వయసు నిబంధన, చదువు సర్టిఫికెట్ ఎదురొచ్చాయి. వాటిని కొంత సడలించారు కానీ, చేరాక దొరికేది అడవుల రక్షణ, విపత్తుల్లో సహాయం వంటి పని. నిన్నటిదాకా ఎదురుగా నిలబడి కాల్చిన సైన్యానికి ఇప్పుడు సెల్యూట్ కొట్టాలి. నేనైతే డబ్బే తీసుకునేవాణ్ణేమో!

కాంగోది దీనికి తలకిందుల కథ. అక్కడ పరీక్షలూ వడపోతలూ పెద్దగా పట్టించుకోలేదు. 2009 మార్చి 23న ఒప్పందం చేసుకుని, తూర్పు ప్రాంతపు తిరుగుబాటు దళాలను హడావుడిగా సైన్యంలోకి తీసుకున్నారు. యూనిఫాం మారింది కానీ, వాళ్లు తమ నాయకుల మాటే విన్నారు, తమ ప్రాంతం వదలలేదు. 2012లో మళ్లీ తిరగబడ్డారు. ఒప్పందపు తేదీనే పేరుగా పెట్టుకున్నారు, ఎం23 అని! ఆ ఏడాది నవంబరులో గోమా నగరాన్ని పట్టుకున్నారు. ప్రభుత్వం ఇచ్చిన జీతం, ప్రభుత్వం ఇచ్చిన బూట్లు, తుపాకి గురి మాత్రం ప్రభుత్వం మీదే.

దక్షిణాఫ్రికా 1994లో పాత ప్రభుత్వ సైన్యం, విముక్తి పోరాట దళాలు, బంటుస్తాన్ల (వర్ణవివక్ష ప్రభుత్వం నల్లవాళ్లకని వేరుచేసిన ప్రాంతాల) సేనలు కలిపి ఏడు బలగాలను ఒకటి చేసింది. అక్కడా ర్యాంకుల మీద, జీతాల మీద గొడవలు వచ్చాయి. బ్రిటిష్ సైనిక సలహాదారులను మధ్యవర్తులుగా కూర్చోబెట్టారు. మన కోవెలకుంట్లలో బ్రిటిష్‌వాళ్లు చేసిందేమో నరసింహారెడ్డి తలను కోట బురుజుకు వేలాడదీసి 1877 దాకా ఉంచడం.

ప్రశ్నలుంటే అడగండి. కట్టుబడుల ఇనాముల గురించి అడిగితే మాత్రం ఇంకో గంట పడుతుంది, టీ ఆరిపోతుంది.